ఎడమ నుంచి కుడికి పారే నది

మా పెద్దది సైకిలు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు నాకు ముందు కోపమొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఆ వరస తప్పని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. ఆవిడ ఏమన్నా నేను పెద్దగా పట్టించుకోను. ఆవిడ నన్ను దులిపేసేది నేను కట్టిన పళ్లతోనే.

పళ్ల సెట్లు కట్టడం నా వృత్తి. డాక్టరు నోటి అచ్చు తీసి పంపిస్తాడు. అందులో ప్లాస్టర్ పోసి, ఆరాక అంచులు గీకి, మైనంతో చిగుళ్లు దిద్ది, ఒక్కొక్క పన్నునీ దాని చోట నిలబెట్టాలి. మా మేడమెట్ల కింది గదే నా వర్క్‌షాపు. బల్లనిండా తెల్లటి నోళ్లు తెరుచుకుని ఉంటాయి, కొత్తగా వచ్చినవాళ్లు గుమ్మంలోనే ఆగిపోతారు. పన్ను వెంట్రుకవాసి ఎత్తుగా కూర్చున్నా నమిలేవాళ్లు మర్నాడే వచ్చి తలుపు కొడతారు. నా తలుపు అలా కొట్టినవాళ్లు తక్కువ. అందుకే నామీద నాకు నమ్మకం ఎక్కువ. దాన్ని మా ఆయన పొగరంటాడు. కాస్త మంచి మూడ్‌లో ఉంటే ధైర్యమంటాడు.

పెద్దది నెలల తరబడి మంచం దిగలేదు. మిగతా పాఠాలన్నీ ఇంట్లోనే చదివి, పరీక్షలు రాసి గట్టెక్కింది. భూగోళం దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. పుస్తకం గుండెలమీద పెట్టుకుని పొద్దున బట్టీపట్టింది సాయంత్రానికి మాయమయ్యేది. పవనాలు, పీఠభూములు, డెల్టాలు అన్నీ కలిపి ముద్దచేసి అప్పజెప్పేది. దానికి ఊహ లేక కాదు. కిటికీలోంచి ఎదురింటి గోడ తప్ప ఇంకేమీ కనబడని పిల్లకి పీఠభూమి అంటే ఏం తెలుస్తుంది?

నేను బడికి వెళ్లాను. భూగోళం మేడమ్ స్టాఫ్‌రూమ్‌లో జవాబు పత్రాలు దిద్దుతూ తలెత్తకుండానే మాట్లాడింది.

"చూడండమ్మా, ఇంట్లో నేర్పిన భూగోళం నేను చాలా చూశాను. ఏమీ రాని పిల్లకి నేర్పొచ్చు. తప్పు నేర్చుకున్న పిల్లతోనే చచ్చే చావు. ముందు అది మరిపించాలి, తర్వాత ఇది నేర్పాలి. సెలవుల్లో నోటి పరీక్ష పెడతాను. ఎక్కడైనా తప్పుడు పాఠం తలకెక్కిందనిపించిందో, మళ్లీ అదే తరగతి. మీరు నన్ను బతిమాలొద్దు."

"బతిమాలడానికి రాలేదండీ, తారీఖు కనుక్కుందామని వచ్చాను" అన్నాను.

అప్పుడు తలెత్తింది.

మళ్లీ అదే తరగతి అంటే మా ఇంట్లో మామూలు విషయం కాదు. పెద్దదానికీ చిన్నదానికీ ఒక్క ఏడాదే తేడా. బడిలో తరగతికి ఒకటే సెక్షన్. ఇది ఆగిపోతే చెల్లెలి పక్కన కూర్చుని, చెల్లెలి పాఠాలే చదవాలి. ఆ చెల్లెలు ఎవరనుకున్నారు? మా ఇంట్లో దాన్ని లాయరమ్మ అంటాం. అన్నం తినమంటే ఎందుకు తినాలో మూడు కారణాలు అడుగుతుంది. కబురు వినగానే అది అక్క మంచం దగ్గరికెళ్లి, "కిటికీ పక్క సీటు నాది. నీకు మధ్య సీటు ఇస్తా" అని ఏర్పాట్లు మొదలుపెట్టింది. పెద్దది గోడవైపు తిరిగి పడుకుంది. ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలుస్తోంది.

మర్నాడు భూగోళం పుస్తకం తీసి అటక మీద పడేశాను. పిల్లని ఎత్తుకెళ్లి వంటింట్లో ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి, కట్టుకట్టిన కాలు చాపుకోవడానికి ఎదురుగా కుర్చీ వేశాను.

"అమ్మాయ్, నా వంటగిన్నెల జోలికి రాకు" అన్నారు అత్తగారు.

"భూమిని పుట్టించబోతున్నానత్తయ్యా. గిన్నెల్లేకుండా ఎలా?"

"పుట్టించు. కానీ తోమి పెట్టు."

మొదటిరోజు పగలూ రాత్రీ. గది చీకటి చేసి, టార్చి బల్లమీద పెట్టి, పిల్లల రబ్బరు బంతికి గుండుసూది గుచ్చి, "ఇదే మన ఇల్లు, తిప్పు" అన్నాను. సూది వెలుతురులోకి వచ్చినప్పుడల్లా చిన్నది "బడి, బడి" అని అరిచేది, చీకట్లోకి వెళ్లినప్పుడు గురకపెట్టేది. పెద్దది ఒక్కమాటా మాట్లాడకుండా బంతి తిప్పుతూనే ఉంది. కాసేపటికి, "మనం పడుకున్నప్పుడు ఇటువైపు వాళ్లు బడిలో ఉంటారన్నమాట" అంది. అది దానంతట అది మాట్లాడి ఎన్నాళ్లయిందో.

ఇంక నేను ఆగుతానా? తువ్వాలు బల్లమీద పరిచి రెండువైపుల నుంచీ నెట్టించాను. మడతలు లేచి కొండలయ్యాయి. వేడినీళ్ల గిన్నె మీద మూతపెట్టి, మూతమీద మంచుముక్కలు వేశాను. లోపల వాన పడింది. ఒక గిన్నెలో ఇసుక, ఒక గిన్నెలో నీళ్లు పోసి రెండింటినీ ఒకే దీపం కింద పెట్టి చెయ్యి ముంచి చూడమన్నాను. ఇసుక చురుక్కుమంది, నీళ్లు చల్లగానే ఉన్నాయి. పగటిపూట సముద్రం మీది గాలి నేలమీదికి ఎందుకొస్తుందో పెద్దదే విప్పి చెప్పింది. నేల వేడెక్కితే దానిమీద గాలి పైకి పోతుంది, ఖాళీ అయిన చోటికి చల్లగాలి తోసుకొస్తుంది. పుస్తకంలో పేజీన్నర ఉన్న ముక్క అది.

అత్తగారు కూరగాయలు తరుగుతూ విననట్టు వినేవారు. ఒకరోజు పక్కింటావిడకి రుతుపవనాలు బోధిస్తూ దొరికిపోయారు. సగం తప్పు చెప్పారు గానీ, గొంతులో మాత్రం ఎక్కడా తడబాటు లేదు. ఈ ఇంట్లో ఆ గుణం అందరికీ ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది నది. వర్క్‌షాపు నుంచి పొడుగాటి ట్రే తెచ్చి, ఒక కొసన ప్లాస్టర్‌తో కొండలు పోశాను. చెయ్యి అలవాటు మరి, శిఖరాలన్నీ దవడపళ్లలాగే వచ్చాయి. మిగతా ట్రే అంతా తడి ఇసుక నింపాను. కొండలున్న కొస కింద ఇటుక పెట్టి, చెంబుతో సన్నగా నీళ్లు పోస్తే చూడాలి ఆ సంబరం. నీళ్లు దారి వెతుక్కుంటూ, ఇసుకని కోసుకుంటూ, మెలికలు తిరిగి, చివరికి వచ్చేసరికి పాయలుగా చీలి, మోసుకొచ్చిన మట్టిని విసనకర్రలా పరిచేసేవి. డెల్టా అంటే ఏంటో ఇంక బట్టీ పట్టక్కర్లేదు. పెద్దది రోజూ నది కావాలనేది. దాని ముఖంలో వెలుగు చూసి నాకు కడుపు నిండిపోయేది.

మా వంటింట్లో స్టవ్ ఎడమవైపు, సింకు కుడివైపు. నీళ్లు సింకులోకి దిగాలి కాబట్టి కొండలు ఎప్పుడూ ఎడమకే. ఒకసారి లాయరమ్మ గట్టెక్కి కూర్చుని, "అమ్మా, ట్రే అటుతిప్పి పెడితే?" అంది.

"స్టవ్ తడిసిపోతుంది."

"స్టవ్ సంగతి కాదు. నది సంగతి. అప్పుడు నది అటు పారుతుందా?"

నాకు వర్క్‌షాపులో మూడు నోళ్లు ఎదురుచూస్తున్నాయి. "నది ఎడమ నుంచి కుడికే పారుతుంది. నేను చెప్తున్నానుగా. దిగు ముందు" అన్నాను.

అది దిగింది. స్టూలు మీద కాలుచాపుకుని కూర్చున్న పెద్దది నా మాటకి తలూపింది. అది లేచి బల్లకి అటువైపు వెళ్లి చూసే వీలేదీ? నేనూ ఆ మాట అక్కడే మర్చిపోయాను.

కట్టు విప్పారు. కాలు సన్నబడింది గానీ నడక నిలబడింది. పరీక్ష రోజున ముగ్గురం బడికి వెళ్లాం. చిన్నదాన్ని ఇంట్లో ఉండమంటే, "నా పక్క సీటు విషయం, నేను రాకపోతే ఎలా" అంది.

సెలవులు కాబట్టి బడి బోసిగా ఉంది. భూగోళం గదిలో గోడలనిండా మ్యాపులు, మధ్యలో పెద్ద బల్ల, దానిమీద అట్టముక్కలూ ప్లాస్టరూ కలిపి చేసిన పాత మోడల్. కొండలు గోధుమరంగు, మైదానం ఆకుపచ్చ, మధ్యలో నీలంగా ఒక నది. ఎప్పటి పిల్లలో చేసిందట. మేడమ్ దానిమీది ప్లాస్టిక్ షీటుని పసిబిడ్డ మీది దుప్పటి తీసినంత జాగ్రత్తగా తీసింది. పెద్దదాన్ని బల్లకి ఇటు నిలబెట్టి తను అటు కూర్చుంది. మాకు వరండాలో బెంచీ చూపించి, తలుపు మాత్రం తెరిచే ఉంచింది.

"మాట అందించారంటే పరీక్ష ఆపేస్తాను" అని నాకో హెచ్చరిక.

పగలూ రాత్రీ ఎందుకొస్తాయని అడిగింది. పెద్దది పిడికిలి బిగించి కిటికీ వెలుతురుకి ఎదురుగా పెట్టి, బొటనవేలి గోరు మన ఊరనుకోమని, చెయ్యి మెల్లగా తిప్పుతూ చెప్పింది. సముద్రపు గాలి అడిగింది. ఇసుకా నీళ్లూ దీపమూ అన్నీ చెప్పి, రాత్రిపూట ఇదే తిరగబడుతుందని అడక్కముందే చెప్పేసింది. మేడమ్ కళ్లజోడు సర్దుకుంది. నేను బెంచీమీద నిటారుగా కూర్చున్నాను. లోపలున్నది నా పిల్లేనని దారినపోయే వాళ్లందరికీ చెప్పాలనిపించింది. దారిన ఎవరూ పోవడం లేదు.

"ఇదిగో, ఈ నది ఎటునుంచి ఎటు పారుతోంది?" అని మేడమ్ మోడల్ మీద స్కేలు పెట్టింది.

"ఎడమ నుంచి కుడికి మేడమ్."

చూడను కూడా చూడలేదు. ఆ మోడల్‌లో కొండలు కుడివైపు ఉన్నాయి. బెంచీమీద నుంచి నాకే కనబడుతున్నాయి.

"ఎందుకు?"

"నదులన్నీ అంతే కదా మేడమ్."

మా వంటింటి సింకు కళ్లముందుకొచ్చింది. పక్కనుంచి లాయరమ్మ నా చెవిలో, "నేను ఆరోజే అడిగాను" అంది. దాని నోరు మూశాను. మూయాల్సింది ఎవరి నోరో నాకు తెలుసు.

మేడమ్ స్కేలు పక్కన పెట్టింది. "ఇదీ నేను భయపడింది" అంటూ పెన్ను మూత తీసింది. ఆ మాటలో కోపం లేదు, అలసట ఉంది. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. పెద్దది ఆ పెన్నువైపు చూసింది, స్కేలువైపు చూసింది, ఆ తర్వాత మొదటిసారి మోడల్‌వైపు చూసింది.

"ఒక్క నిమిషం మేడమ్" అని భుజాన ఉన్న నీళ్ల సీసా మూత తిప్పింది.

మేడమ్ "ఏయ్" అనేలోపలే కొండమీద నీళ్లు పోసేసింది. నీళ్లు గోధుమరంగు మీద జారి, నీలం గీతలో పడి, కుడి నుంచి ఎడమకి పరుగెత్తాయి. దారిలో నీలం రంగునీ, కాస్త మైదానాన్నీ తమతో తీసుకుపోయాయి. మేడమ్ కుర్చీ వెనక్కి లాక్కుంది గానీ చీర కుచ్చెళ్లు తప్పించుకోలేకపోయాయి. మోడల్ మీద కొండచరియ ఒకటి మెత్తబడి మెల్లగా కూలింది.

పెద్దది మాత్రం భయపడే పనిలో లేదు. కాస్త కుంటుతూనే బల్ల చుట్టూ తిరిగి మేడమ్ పక్కకు వెళ్లి నిలబడింది. అక్కణ్ణుంచి వంగి చూసింది.

"ఇక్కణ్ణుంచి చూస్తే ఎడమ నుంచి కుడికే మేడమ్. అక్కణ్ణుంచి చూస్తే కుడి నుంచి ఎడమకి. నది మాత్రం ఒకటే" అంది. కొంచెం ఆగి, "ఎడమా కుడీ మనవి. నదికి ఎత్తూ పల్లమే ఉన్నాయి" అంది.

మేడమ్ తడిసిన కుచ్చెళ్లు దులుపుకోవడం మానేసింది.

"మరి ఎడమ నుంచి కుడికని ఎవరు నేర్పారు?"

పెద్దది తలుపువైపు, నావైపు చూసింది. తర్వాత తల తిప్పేసుకుంది.

"ఎవరూ నేర్పలేదు మేడమ్. నేనే పొరబడ్డాను. మా అమ్మ ఎప్పుడూ, ఎవరు చెప్పినా నమ్మొద్దు, పోసి చూడు అంటుంది."

మేడమ్ ముఖం మెత్తబడింది. నావైపు తిరిగి మొట్టమొదటిసారి మర్యాదగా తలాడించింది. "అలా నేర్పే తల్లులు తక్కువండీ" అని పెన్ను చేతిలోకి తీసుకుంది.

నోరు మూసుకుని కూర్చుంటే చాలు. ఒక్క సంతకం, పిల్ల పైతరగతికి వెళ్లిపోతుంది. తప్పు నేర్పింది నేనేనని చెబితే ఏమవుతుందో స్టాఫ్‌రూమ్‌లోనే విన్నాను. కానీ 'పోసి చూడు' అన్న మాట నేను జన్మలో అనలేదు. అడిగిన పిల్లని గట్టు దించిన దాన్ని. నా పిల్ల సొంత తెలివికి నాకు మెప్పు దక్కడం, నా తప్పు దాని నెత్తిన పడడం, రెండూ నాకు మింగుడుపడలేదు. కాళ్లు వాటంతట అవే లేచాయి.

"మేడమ్, ఆ మాట నాది కాదండీ" అన్నాను గుమ్మంలో నిలబడి. "ఎడమ నుంచి కుడికని చెప్పింది నేను. తిప్పి చూద్దామని మా చిన్నది అడిగితే వద్దన్నదీ నేనే. స్టవ్ తడుస్తుందని. పోసి చూడాలన్నది పెద్దదాని తెలివి. ఇప్పుడే, మీ ముందే పుట్టింది."

పెద్దది నన్ను చంపేసేలా చూసింది. మేడమ్ పెన్ను కింద పెట్టేసింది. ఆ పెన్ను బల్లకి తగిలిన చప్పుడు నాకు ఒంట్లో తగిలింది.

"మాట అందించొద్దన్నాను."

"అందించలేదండీ. వెనక్కి తీసుకున్నాను."

మేడమ్ నన్ను కాసేపు చూసి, పెద్దదాన్ని గోడదగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ పెద్ద మ్యాపు వేలాడుతోంది. మాకెవరికీ తెలియని ఏదో దూరదేశం. పేర్లున్న చోట్లన్నీ కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి.

"దీనిమీద నీళ్లు పోయలేవు. మీ అమ్మ చెప్పింది పనికిరాదని ఇప్పుడే తేలింది. ఈ నది ఎటు పారుతోందో చెప్పు. ఊహించి చెప్పావో, ఇంటికి పో."

పెద్దది మ్యాపుని చదవలేదు, తడిమింది. వేలు నది వెంబడి ఒక కొస నుంచి ఇంకో కొసకి పోయి మళ్లీ వెనక్కి వచ్చింది. చిన్నది ఎప్పుడొచ్చిందో నా కొంగు పట్టుకుని నిలబడింది, దాని చెయ్యి చల్లగా ఉంది.

"పైకి మేడమ్" అంది పెద్దది. "ఇక్కడ గోధుమరంగు, అంటే ఎత్తు. పైకి వెళ్లేకొద్దీ పసుపు, ఆకుపచ్చ. అంటే పల్లం. నది కింది నుంచి పైకి పారుతోంది. సముద్రం దగ్గర పాయలు కూడా పైనే ఉన్నాయి." తర్వాత నావైపు తిరిగి, పాఠం చెప్పే గొంతుతో, "మ్యాపులో పైకి అంటే ఎత్తుకి అని కాదు" అంది.

మేడమ్ నవ్విందని చెప్పలేను. బల్లదగ్గరికొచ్చి, తడవని చోటు చూసుకుని కాగితం పెట్టి సంతకం చేసింది.

"పైతరగతికి పంపిస్తున్నాను. మరి ఈ మోడల్ ఎవరు బాగుచేస్తారు?"

"ప్లాస్టర్ పని నాదేనండీ. రేపే వస్తాను" అన్నాను.

"కొండలు కొండల్లా ఉండాలి" అంది మేడమ్. మా దవడపళ్ల శిఖరాల సంగతి నాకు వినబడకుండా ఎప్పుడు చెప్పిందో ఈ పిల్ల!

వరండాలోకి రాగానే చిన్నది, "అయితే మధ్య సీటు ఖాళీయేనా" అని అడిగింది. పైకి ఎగతాళిగానే అంది గానీ, గొంతు చివర్లో సన్నబడింది. పెద్దది దాని జడ లాగి, "ఇంటర్వెల్‌లో వచ్చి కూర్చుంటాలే" అంది. ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు.

గేటు దాటాక నేను పెద్దదాన్ని ఆపాను.

"నేననని మాట అన్నానని ఎందుకు చెప్పావే? నా పరువు కాపాడమని అడిగానా?"

"పరువు కాదు" అంది అది. "బెంచీమీద నీ ముఖం చూశాను. తప్పు చేసి దొరికిపోయిన చిన్నపిల్లలా ఉన్నావు. జాలేసింది."

నేను కట్టిన పళ్లతో నన్నే తిట్టే అత్తగారికి గానీ, పొగరనే మా ఆయనకి గానీ, నామీద జాలిపడే అవకాశం ఇన్నేళ్లలో ఒక్కసారీ ఇవ్వలేదు. ఎవరైనా పడబోతే ఊరుకునేదాన్ని కూడా కాదు. ఇది నా భుజం దాకా కూడా ఎదగని పిల్ల. ఏదో గట్టిగా అందామని నోరు తెరిచాను. కళ్లలోంచి నీళ్లొచ్చాయి. అది నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.